యాంకర్ బోల్టులు పడకుండా ర్యాక్ మీద మాల్ ఎక్కించకండి, దండం పెడతా

ఇవాళ పొద్దున మళ్లీ అదే గొడవ, అందుకే రాస్తున్నా. మేడ్చల్ వైపు ఒక కొత్త గోడౌన్‌లో ప్యాలెట్ ర్యాకింగ్ (మాల్ పేర్చిన చెక్క పలకల్ని ఎత్తుగా పెట్టే ఇనుప ర్యాకులు) బిగిస్తున్నాం, సగం వరసలకి యాంకర్ బోల్టులు (ర్యాక్‌ని నేలకి బిగించేవి) ఇంకా పడనేలేదు, ఈలోపు గోడౌన్ ఓనర్ తరఫు మనిషి వచ్చి "అన్నా, అటు చివర నాలుగు బేలు నిలబెట్టిన్రు కదా, రెండు లారీలు బయట ఆగినయ్, మేం మాల్ ఎక్కిస్తుంటం, మీరు ఇటు మీ పని చేస్కోన్రి" అన్నాడు. (బే అంటే ర్యాక్‌లో రెండు ఫ్రేముల మధ్య గడి.) నేను వద్దన్నా. నిలబడింది కదా, ఇంకేం కావాలి అన్నాడు. అదే అసలు సమస్య, నిలబడితే అయిపోయింది అనుకుంటారు అందరూ.

పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నా. నాలుగేళ్ల కిందట ఒక సైట్‌లో ఇలాగే సగం పనిలో లోడింగ్ మొదలుపెట్టారు, అప్పుడు నేను సూపర్‌వైజర్‌ని కాదు, చెప్పినా వినేవాళ్లు లేరు. రీచ్ ట్రక్ (ఎత్తుకి లేపే ఫోర్క్‌లిఫ్ట్) ఆపరేటర్ రెండో లెవెల్‌లో ప్యాలెట్ పెడుతూ ఫోర్కులు కాస్త ఎక్కువ లేపాడు, పైన కార్టన్ మూల పై బీమ్‌కి (ప్యాలెట్లని మోసే అడ్డ కమ్మీ) కింద నుంచి తగిలింది, పెద్దగా గుద్దింది కూడా కాదు, టక్ మని చిన్న చప్పుడు. ఆ బీమ్ ఒక చివర అప్‌రైట్ (నిలువు స్తంభం) స్లాట్‌లోంచి ఊడి వచ్చేసింది, దాని మీదున్న రెండు ప్యాలెట్ల నూనె టిన్నులు నేల మీదకొచ్చేశాయి. మా శ్రీకాకుళం కుర్రాడు ఒకడు ఒక్క నిమిషం ముందే అదే సందులోంచి షిమ్ముల (ర్యాక్ కాళ్ల కింద పెట్టే పల్చటి పలకలు) డబ్బా పట్టుకుని బయటికి వచ్చాడు. నూనెలో అడుగు పెట్టలేక అందరం అలా నిలబడి చూస్తున్నాం. ఆ బీమ్‌కి పెట్టాల్సిన లాక్ పిన్నులు ఎక్కడున్నాయో తెలుసా, అదే బే కింద గోనె సంచిలో, మూతి కూడా విప్పకుండా ఉన్నాయి. చివర్లో అన్నీ ఒకేసారి పెడదాం అనుకున్నారంట.

ఆ పిన్ను చూడ్డానికి వేలంత ఉంటుంది. బీమ్ కొక్కేలు స్లాట్లలో పై నుంచి కూర్చుంటాయి, బరువు కిందకే నొక్కుతుంది కాబట్టి మామూలుగా ఊడవు. కానీ ఫోర్క్‌లిఫ్ట్ కింద నుంచి తగిలితే? దానికోసమే ఆ పిన్ను. యూరోపియన్ స్టాండర్డ్ ఈఎన్ 15512 ప్రకారం ఆ లాక్ 5 కిలోన్యూటన్ల పైకి తోసే బలాన్ని, అంటే దాదాపు 500 కిలోలు, తట్టుకోవాలి. అంత బలంగా తయారుచేసి పంపిన వస్తువుని సంచిలో ఉంచేస్తే ఏం లాభం అండి. బీమ్ కూర్చోగానే పిన్ను పడాలి, తర్వాత అనే మాటే ఉండకూడదు.

ఇంక యాంకర్ బోల్టుల సంగతి. మొదటి బే రెండు ఫ్రేములు (ఒక్కోటి రెండు అప్‌రైట్ల జత), బీమ్‌లు కలిపి పెట్టెలా కట్టి, నిటారుగా ఉందో చూసి, నేలకి బిగించాకే రెండోదానికి పోవాలి, ఎందుకంటే ఒక్క ఫ్రేమ్ దానంతటది నిలబడదు, గట్టిగా గాలి కొట్టినా పడొచ్చు. ఈఎన్ 15620లో మామూలు నడవల ర్యాక్‌కి ఖాళీగా ఉన్నప్పుడు ఎత్తులో 350వ వంతు వరకే వాలు ఒప్పుకుంటారు, 7 మీటర్ల ర్యాక్‌కి 20 మిల్లీమీటర్లు, అంతే. నేల ఎగుడుదిగుడుగా ఉంటే బేస్ ప్లేట్ కింద ఇనుప షిమ్ములు పెట్టాలి, అట్టముక్కలు చెక్కముక్కలు కాదు, అవి నలిగిపోయి ఆరు నెలలకి ర్యాక్ ఒక పక్కకి వంగుతుంది. బొక్క కొట్టాక దుమ్ము ఊదెయ్యాలి, లేకపోతే బోల్టు లోపల పట్టుకోదు, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానా) కంపెనీ చెప్పిన లెక్కకి బిగించాలి. నేను కళ్లారా చూసిన ఇంకో ఘోరం ఉంది, స్లాబ్‌లో రాడ్డు తగిలి డ్రిల్ దిగకపోతే బోల్టు కింది ముక్క కోసేసి, పైన నట్టుతో ఉన్న ముక్కని బొక్కలో గుచ్చి బిగించినట్టు వదిలేశారు. చేత్తో లాగితే వచ్చేసింది నాకు. అలా చేసినవాడు రేపు ఆ ర్యాక్ కింద నిలబడతాడా?

మా కుర్రాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను. ప్యాలెట్ పొజిషన్‌కి (ఒక ప్యాలెట్ పట్టే చోటు) ఇంత అని రేటు, ఎంత తొందరగా ముగిస్తే అంత. అందుకే ఫోర్కుల మీద ప్యాలెట్ పెట్టి దాని మీద మనిషిని ఎక్కించి పైకి లేపుతారు, ఫ్రేమ్ పట్టుకుని కోతిలా ఎక్కుతారు. హార్నెస్ (ఒంటికి కట్టే సేఫ్టీ బెల్ట్) ఇచ్చాం కదా అంటారు, సరే, కొక్కెం దేనికి తగిలిస్తాడు? నేలకి బిగించని ఫ్రేమ్‌కి తగిలిస్తే వాడు జారినప్పుడు ఆ ఫ్రేమ్ కూడా వాడి మీదకే వస్తుంది! సిజర్ లిఫ్ట్ (మనిషిని బుట్టలో పైకి లేపే మెషిన్) అద్దెకి తెచ్చి హార్నెస్‌ని బుట్టలో ఉన్న పాయింట్‌కి తగిలించి పని చేయించాలి, ఆ అద్దె కొటేషన్‌లోనే వెయ్యండి, అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

2020 అక్టోబర్‌లో బ్రెజిల్ సావో లూయిస్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో ర్యాకులు ఒకదాని వెనక ఒకటి కూలిపోయాయి, వీడియో చాలామంది చూసే ఉంటారు, అందులో పనిచేసే ఒకమ్మాయి చనిపోయింది. ఒక్క వరస తప్పితే పక్కది కూడా ఆగదు, మాల్ నిండా ఉంటే అసలే ఆగదు.

బిగించాక చేసే తప్పు ఇంకోటి, ఇది ఓనర్లకి చెప్తున్నా. కొత్త మాల్ ఎత్తుగా ఉందని కింది బీమ్‌ని మీ అంతట మీరు రెండడుగులు పైకి జరపకండి. పొడుగు కర్రని రెండు చివర్లా నొక్కి చూడండి, పొట్టి కర్ర కన్నా ఎంత తొందరగా వంగుతుందో తెలుస్తుంది. సన్నటి స్తంభానికి ఆధారం లేని పొడుగు రెట్టింపైతే వంగకుండా మోసే బలం నాలుగో వంతుకి పడిపోతుందని గణిత శాస్త్రవేత్త ఆయిలర్ లెక్క. ర్యాక్ దగ్గర తగిలించే లోడ్ బోర్డు మీద రాసిన కిలోలు డిజైన్ డ్రాయింగ్‌లో ఉన్న ఎత్తుకే, మార్చాలంటే డిజైన్ చేసినవాళ్లని అడగాలి. అసలు ఆ బోర్డే లేని గోడౌన్లు ఎన్ని చూశానో. అలాగే ఫోర్క్‌లిఫ్ట్ తగిలి అప్‌రైట్ వంగితే మీటరు పట్టీ ఆనించి చూడండి, బీమ్‌ల దిశలో 5 మిల్లీమీటర్లు, లోతు దిశలో 3 దాటితే ఈఎన్ 15635 ప్రకారం బాగుచేయించాలి, దానికి రెట్టింపు దాటితే వెంటనే మాల్ దించెయ్యాలి, సుత్తితో కొట్టి సరిచేసుకోవడం కాదు.

ఇంక ఇవాళ్టి సంగతి. నేను ఒప్పుకోలేదు, లారీలు అలాగే ఆగున్నాయి, ఆ మనిషి మా ఓనర్‌కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాడు, మా ఓనర్ నన్ను అడిగితే పై సంగతంతా చెప్పా, ఆయన కాసేపు ఆగి సరే కానివ్వు అన్నాడు. సాయంత్రానికి నాలుగు బేలకి బోల్టులు పడ్డాయి, టార్క్ చూశాం. ఇంకా 140 పిన్నులు చూడాల్సినవి మిగిలున్నాయి. రేపు పొద్దున ఒక్కోటి చేత్తో తాకి లెక్కపెట్టుకుని, లోడ్ బోర్డు తగిలించాకే హ్యాండోవర్ కాగితం మీద సంతకం పెడతా.