రూపాయి కాపలాదారు

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. పాపం, ఆ కుక్కలను మనం అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం. అవి ఆలస్యంగానైనా మొరిగాయి, అదీ దొంగలు పడ్డ తర్వాతే. మా ఇంట్లో గోడకు తగిలించిన కుక్క ఒకటుంది. దానికి దొంగతో పనిలేదు. కరెంటు పోతే చాలు.

కడపలో మే నెల అర్ధరాత్రి కరెంటు పోతే ఎవరింట్లో వాళ్లకు మెలకువ వస్తుంది. మా ఇంట్లో కరెంటు పోతే ఎర్రముక్కపల్లెలో మా వీధి మొత్తానికి వస్తుంది. బర్గ్లర్ అలారం కుయ్యిమని అందుకుంటుంది, కాసేపటికి గొంతు కీచుమని సన్నబడి ఆగిపోతుంది, హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ మొదటి నుంచి రాగం తీస్తుంది. మొదటి రాత్రి ఇరుగుపొరుగు కర్రలు పట్టుకుని వచ్చారు. రెండో రాత్రి సలహాలు పట్టుకుని వచ్చారు. మూడో రాత్రి ఎవరూ రాలేదు. పదో రాత్రికి ఎదురింటి పెద్దాయన మంచం మీది నుంచి లేవకుండానే కిటికీలోంచి అడిగారు. "ఏం సారూ, కరెంటు పోయిందా?"

నలభై వేలు పోసి కొన్న భద్రతా వ్యవస్థ మా వీధికి చేస్తున్న సేవ అదీ.

కంపెనీకి ఫోన్ చేశాను. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు. తులసి తీర్థం లాంటిది ఆ మందు, అన్ని జబ్బులకూ ఒకటే. కరెంటు పోయి రావడమంటే ఆఫ్ చేసి ఆన్ చేయడమే కదమ్మా, ఆ పని రోజూ రాత్రి కరెంటోళ్లే చేస్తున్నారు అన్నాను. నాలుగో రోజు టెక్నీషియన్ వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. జేబులో ఫోను, చేతిలో టెస్టరు. స్క్రూడ్రైవర్ లోపల చిన్న బల్బు ఉంటుందే, ఆ టెస్టరు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ అడిగితే "ఆఫీసులో ఉంది సార్" అన్నాడు, దేవుడి నగలు బ్యాంకు లాకర్లో ఉన్నాయన్నంత గౌరవంగా.

ఆ తర్వాత జరిగినదాన్ని తొందరపడకుండా చెప్పాలి. నిచ్చెన ఎక్కి, హాల్లో మూలనున్న, కదలికను పసిగట్టే సెన్సరు మూత తీసి, వైరుకు టెస్టరు ఆనించాడు. వెలగలేదు. "సెన్సరుకు కరెంటు రావడం లే సార్." నాయనా, అది పన్నెండు వోల్టుల డీసీ, నీ టెస్టర్లోని నియాన్ బల్బు వెలగాలంటే అరవై వోల్టులైనా ఉండాలి అన్నాను. వాడు నావైపు జాలిగా చూశాడు. దిగి, స్విచ్‌బోర్డు దగ్గరికి పోయి, ప్లగ్గులో పెట్టాడు. వెలిగింది. "చూడండి సార్, టెస్టరు బాగుంది." మళ్లీ నిచ్చెన ఎక్కాడు, వైరుకు ఆనించాడు. వెలగలేదు. "చూసినారా?" ఇంత జరుగుతుంటే ఆ సెన్సరు, వాడి చెయ్యి కదిలినప్పుడల్లా, వాడి ముక్కుకు జానెడు దూరంలో ఎర్రగా మిణుకుమంటూనే ఉంది. కరెంటు రాకపోతే అది ఎట్లా వెలుగుతోందప్పా అంటే, కాసేపు ఆలోచించి, "లోపల బ్యాటరీ ఉంటాది సార్" అన్నాడు. మూత వాడి చేతిలోనే ఉంది. లోపల బ్యాటరీ లేదు. బల్లి ఉంది.

బల్లి కనపడగానే వాడి ముఖం వెలిగిపోయింది, టెస్టరు వెలగకపోయినా. "బల్లి సార్! దీనివల్లే." బల్లి సెన్సరు మీద పాకితే అలారం మోగడం నిజమే, కాదనను. కానీ కరెంటు పోయినప్పుడు మాత్రమే డ్యూటీ ఎక్కే బల్లి ఉంటుందా? తల మీద పడితే ఏం ఫలం, భుజం మీద పడితే ఏం ఫలం అని మన పంచాంగాల్లో బల్లి శాస్త్రం ఉంది గాని, సెన్సరులో పడితే ఏమవుతుందో ఏ సిద్ధాంతీ రాయలేదు. ఆ లోటు వీడు తీర్చాడు. తర్వాత అటక మీదున్న అలారం పెట్టె తెరిచి, పది నిమిషాలు ఏదో చేసి, "అడ్జస్ట్ చేసినా సార్, ఇంక మోగదు" అని ఆరు వందలు తీసుకున్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. మోగలేదు. వారంలో మూడుసార్లు రాత్రి కరెంటు పోయింది. కూత లేదు. వీధి నన్ను మళ్లీ మనిషిలా పలకరించింది. దొంగ అలారాన్ని మొదట పేటెంటు చేసింది ఆగస్టస్ పోప్ అనే అమెరికా పాదిరి, 1853లో. మసాచుసెట్స్ రాష్ట్రంలో చర్చి నడుపుకునేవాడు. తలుపు తెరిస్తే గంట మోగేట్టు చేశాడు, తలుపు మళ్లీ మూసినా మోగుతూనే ఉండేట్టు చేశాడు. దేవుడే చూసుకుంటాడని చెప్పాల్సిన పాదిరి వైర్లు లాగాడు. వైర్లు లాగాల్సిన మనవాడు దేవుడే చూసుకుంటాడని వదిలేశాడు. ఆ సంగతి నాకు ఎనిమిదో రోజు తెలిసింది.

కాఫీ తాగుతూ అమ్మ మాటల మధ్యలో అంది. "మొన్న తెల్లారుజామున కండ్లు తిరిగినాయి నాయనా. మంచం పక్కన బటన్ నొక్కినా. ఎవరూ రాలే. మళ్లీ నొక్కితే మీ నిద్ర పాడయితాదని అట్లే పండుకున్నా."

అమ్మకు డెబ్భై నాలుగేళ్లు. నొక్కితే అలారం మోగే ఆ ఎర్ర బటన్ పెట్టించింది ఆమె కోసమే. దొంగ మా ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏముంది గనక!

మూడు వందల యాభై పెట్టి మల్టీమీటర్ కొని అటక ఎక్కాను. పెట్టెలో నాలుగు జోన్లు, అంటే సెన్సర్ల, బటన్ల వైర్లు వచ్చి చేరే నాలుగు చోట్లు. నాలుగింటి వైర్లూ ఊడదీసి పక్కకు వంచి ఉన్నాయి. చివర్లకు టేపు ఎంత ముద్దుగా చుట్టాడో, పసిబిడ్డ బొడ్డుకు కట్టినట్టు. వైర్లు ఉండాల్సిన చోట ఒక్కొక్క జోనుకు ఒక్కొక్క రెసిస్టరు, కరెంటును కొంత అడ్డుకునేది, వడ్లగింజంత. మూడు ఎర్ర గీతలు, ఒక బంగారు గీత. అంటే రెండు వేల రెండు వందల ఓముల అడ్డు. అది నిజానికి పెట్టెలో ఉండేది కాదు, వైరు అవతలి కొసన, చివరి సెన్సరు లోపల ఉండాలి. అప్పుడు వైరు తెగితే ఓములు అనంతం, వైర్లు కలిసిపోతే సున్నా, రెండింటిలో ఏదైనా పెట్టెకు తెలిసిపోతుంది. రెసిస్టరును తెచ్చి పెట్టె నోట్లోనే పెడితే, తలుపు తెరిచినా, కిటికీ పగలగొట్టినా, ముసలామె బటన్ నొక్కినా దానికి వినపడేది ఒకటే మాట. అంతా క్షేమం. మా ఇంటిని వారం రోజులు కాపలా కాసింది రూపాయి ఖరీదు చేసే ఆ గింజ.

అసలు రోగం పక్కనే ఉంది. ఏడు ఆంపియర్ అవర్ల బ్యాటరీ, మీద రాసిన తేదీ చూస్తే ఐదేళ్లు దాటింది. ఉత్తగా కొలిస్తే 12.6 వోల్టులు, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు. కరెంటు తీసి సైరన్ మోగనిస్తే ఎనిమిదికి దిగజారింది. ఇలాంటి బ్యాటరీ ఆయుష్షును ఇరవై ఐదు డిగ్రీల వేడికి లెక్కకడతారు, ఆపైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మా అటక మీద, పడమటి ఎండ తగిలే స్లాబు కింద, వేసవిలో ఎంతుంటుందో కడపవాళ్లకు చెప్పనక్కర్లేదు. కరెంటు పోయి, బ్యాటరీ కూలబడి, సెన్సర్లకు శక్తి చాలక, వాటి లోపలి రిలే అనే చిన్న స్విచ్చు వదిలేసేది. పెట్టె అది దొంగే అనుకుని కూత పెట్టేది. కూతతో బ్యాటరీ ఇంకా పడిపోయి అన్నీ ఆగిపోయేవి. బరువు దిగగానే బ్యాటరీ కాస్త తేరుకునేది. మళ్లీ మొదలు. పన్నెండు వందల బ్యాటరీ మారిస్తే పోయే పని.

ఆ కుర్రాణ్ని తిట్టాలని ఉంది, నోరు రావడం లేదు. వాడికి మల్టీమీటర్ ఇవ్వనివాళ్లను తిట్టాలి. వాళ్ల పాంప్లెట్ మీద తెల్ల జుట్టు అవ్వ నవ్వుతూ ఉంటుంది, "మీరు బెంగళూరులో, అమ్మ క్షేమంగా ఇంట్లో" అని. ఈ ఊళ్లో సగం ఇళ్లలో పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారు, ఆ భయాన్ని తూకం వేసి అమ్ముకుంటారు. అమ్మిన తర్వాత వాళ్లకు కావలసింది అమ్మ క్షేమం కాదు, ఫోను మోగకపోవడం. శబ్దం ఆగితే కంప్లైంట్ క్లోజ్. సిగ్గు లేదా? చెవిటి బటన్ పెట్టిపోయే బదులు "బాగు చేయడం మాకు రాదు" అని చెప్పిపోతే, అమ్మ తెల్లారుజామున ఒక్క కేక వేసి ఉండేది కదా! పక్క గదిలోనే పడుకున్నాను నేను. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పెట్టె ఉంటే ఈరోజే మూత తీసి చూడండి. వైర్లు ఊడదీసి పక్కకు వంచి, వాటి చోట ఎర్ర గీతల గింజలు కూర్చుని కనిపిస్తే, వాటికి దండం పెట్టి బయటికి పీకి, వైరు అవతలి కొసకు చేర్పించండి.

కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, రికార్డు గొంతు. సర్వీసు నచ్చితే ఒకటి నొక్కమంది. ఈ ఇంట్లో బటన్లు నొక్కి నొక్కి విసుగొచ్చి ఫోన్ పెట్టేశాను.

కొత్త బ్యాటరీ వేశాను. రెసిస్టర్లను తీసుకెళ్లి వాటి చోట వాటిని పెట్టాను, అమ్మ బటన్‌లోది టంకం పెట్టి మరీ అతికించాను. పట్టపగలు పదకొండు గంటలకు అమ్మను పిలిచి నొక్కమన్నాను. సందేహిస్తూ నొక్కింది. సైరన్ ఇల్లెగిరిపోయేట్టు అందుకుంది, ఈసారి గొంతు సన్నబడలేదు. అమ్మ చెవులు మూసుకుని చిన్నపిల్లలా నవ్వింది.

ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"ఏం సారూ, కరెంటు పోయిందా?"