సవరణ: బిగ్ బ్యాండ్ 1935లో పుట్టలేదు

బిగ్ బ్యాండ్‌ల (జాజ్ వాయించే పెద్ద వాద్యబృందాల) గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో "1935లో బెన్నీ గుడ్‌మన్‌తో బిగ్ బ్యాండ్ మొదలైంది" అని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: 1935 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ పాలోమార్ బాల్‌రూమ్‌లో క్లారినెట్ వాద్యకారుడు గుడ్‌మన్ బృందానికి వచ్చిన ఆదరణతో స్వింగ్ (డాన్స్‌కు తగ్గ హుషారైన జాజ్) మోజు అమెరికా అంతా పాకింది. బిగ్ బ్యాండ్ పద్ధతి అంతకు పదేళ్ల ముందే ఉంది.

1920లలో న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్సన్ బృందం కోసం డాన్ రెడ్‌మన్ పాటలను వాద్యాలవారీగా విడగొట్టి రాసేవాడు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఒక జట్టు. శాక్సోఫోన్లు, క్లారినెట్లు ఇంకో జట్టు. ఒకరు అడిగినట్టు, మరొకరు జవాబు చెప్పినట్టు సాగుతుంది, మధ్యలో ఒక్కరికి సోలో. బిగ్ బ్యాండ్ అంటే అసలు ఈ అమరికే, ఊరికే జనం ఎక్కువ ఉండటం కాదు. 1924లో హెండర్సన్ బృందంలో ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చేరాక ఆ సోలోలకు ఊపొచ్చింది.

గుడ్‌మన్‌కు పేరు తెచ్చిన పాటల్లో చాలా హెండర్సన్ ఇలా వాద్యాలవారీగా రాసిచ్చినవే. కీర్తి ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదు!

అన్నీ కాగితం మీదే ఉండాలనీ లేదు. కాన్సాస్ సిటీ నుంచి వచ్చిన కౌంట్ బేసీ బృందం చిన్న చిన్న రిఫ్‌లను (మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల ముక్కలను) వాయిస్తూనే పాట కట్టేసుకునేది. ఇప్పుడు మామూలుగా కనిపించే లెక్క 17 మంది: ఐదు శాక్సోఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, గిటార్, బేస్, డ్రమ్స్.