'కౌన్సెలింగ్ ఇప్పించండి' అంటే సరిపోదు

తోటి పిల్లలపై లైంగిక హానికి పాల్పడిన పద్నాలుగేళ్ల కుర్రాడిని చికిత్సకు పంపుతూ కోర్టు ఇచ్చే ఆదేశం చాలాసార్లు ఒక్క వాక్యంలో ముగుస్తుంది. ఎవరు చికిత్స చేయాలో, ఇంట్లోవాళ్ల బాధ్యతేమిటో, ఎప్పుడు ఆపాలో అందులో ఉండదు. చికిత్స సగం చెడేది అక్కడే.

'వీడు ఇక మారడు' అన్న భయం ఈ కేసులను వెంటాడుతుంటుంది. 2016లో అమెరికా మనస్తత్వవేత్త మైఖేల్ కాల్డ్‌వెల్ వేర్వేరు అధ్యయనాల నుంచి ఇలాంటి 33,783 మంది పిల్లల వివరాలను క్రోడీకరిస్తే, మళ్లీ లైంగిక నేరంలో పట్టుబడినవారు 5 శాతం లోపే. 2000 తర్వాతి అధ్యయనాల్లోనైతే 2.75 శాతమే. బయటపడని ఘటనలు ఈ లెక్కలోకి రావు, నిజమే. కానీ పెద్దల కోసం తయారైన ఏళ్ల తరబడి కార్యక్రమాన్ని పిల్లలకు అంటగట్టడానికి అది సాకు కాకూడదు. మళ్లీ తప్పు చేసే ముప్పు తక్కువున్న కుర్రాణ్ని ముదురు పిల్లలతో ఒకే గ్రూపులో కూర్చోబెడితే, రానివి కూడా నేర్చుకొస్తాడు.

ముప్పు అంచనాకూ గడువుంటుంది. ఆ ముప్పును కొలిచే జేసోప్-2 అనే 28 అంశాల పట్టికను 12–18 ఏళ్ల అబ్బాయిల కోసం రూపొందించారు. కనీసం ఆరు నెలలకోసారి మళ్లీ వేయాలి. ఆ వయసులో ఏడాది అంటే మనిషే వేరు. ఫైల్లో మాత్రం మొదటి రిపోర్టే తిరుగుతుంటుంది.

అసలు చిక్కుముడి గోప్యత. థెరపీలో అంతా చెప్పమంటాం. చెప్తే కొత్త కేసు. చెప్పకపోతే 'సహకరించడం లేదు' అని రిపోర్టు. లాయరు నోరు విప్పొద్దంటాడు, థెరపిస్టు విప్పమంటాడు. మధ్యలో పిల్లాడు బిగుసుకుపోతాడు. చికిత్సలో చెప్పిన మాటలు కొత్త అభియోగానికి వాడకూడదన్న రక్షణ చట్టం అనుమతించిన మేరకు ఆదేశంలోనే ఉండాలి. బయటకు ఏవి వెళ్తాయో థెరపిస్టు మొదటి సిట్టింగులోనే చెప్పెయ్యాలి. పాలిగ్రాఫ్‌ (అబద్ధాలు పట్టే యంత్రం)తో నిజం రాబడదామనుకునేవారూ ఉన్నారు. ఇలాంటి కేసుల్లో చికిత్స చేసేవారి అమెరికా వృత్తి సంఘం అట్సా మాత్రం 2017 మార్గదర్శకాల్లో దాన్ని టీనేజర్లపై వాడొద్దనే చెప్పింది.

బాధితురాలు సొంత చెల్లెలే అయితే భద్రతా ప్రణాళిక తలుపుల దగ్గర మొదలవుతుంది. గదులు వేరు. స్నానాల వేళలు వేరు. రాత్రి ఫోన్ తల్లిదండ్రుల గదిలో. అమ్మ బయటికెళ్తే ఎవరుంటారో పేరుతో సహా రాయాలి. 'కనిపెట్టుకుని ఉంటాం' అన్న హామీ వారం కూడా నిలవదు. అన్నాచెల్లెళ్లను మళ్లీ కలపాలా వద్దా అన్నది చెల్లెలి థెరపిస్టు తేల్చాలి. కుర్రాడి చికిత్స ముగిసిందన్నది దానికి కారణం కాదు.

ఇంట్లోవాళ్లను కలుపుకోని చికిత్సపై నాకు పెద్దగా ఆశ లేదు. ఈ పిల్లల కోసం మలిచిన మల్టీసిస్టమిక్ థెరపీలో థెరపిస్టే ఇంటికీ బడికీ వెళ్తాడు. సాధారణంగా ఐదు నుంచి ఏడు నెలల్లో ముగిస్తారు.

సమీక్షకు వచ్చే రిపోర్టుల్లో ఎక్కువ భాగం హాజరు పట్టీలే. 'పన్నెండు సిట్టింగులకు పది' అన్నది చూసి జడ్జి తల ఊపితే లాభం లేదు. భద్రతా ప్రణాళిక ఎన్నిసార్లు తప్పింది, తప్పినప్పుడు ఇంట్లో ఎవరు ఏం చేశారు అని అడగాలి.