గేమ్ కన్సోల్ పెడితే టీవీ పోతుందా? వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ ఆరు "నిజాలు"

సంక్రాంతి సెలవుల దగ్గర్నుంచీ మా శ్రీకాకుళం గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న టీవీ మెకానిక్ చెప్పిన నిజాలు" అని పైన పెద్ద అక్షరాలు, కింద గేమ్ కన్సోల్‌ని (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి ఆట మిషన్‌ని) హెచ్‌డీ టీవీకి కలపడం గురించి ఆరు సంగతులు. రంగు పిన్నుల వైరు పెట్టినా టీవీ హెచ్‌డీ అయితే బొమ్మ హెచ్‌డీలోనే వస్తుందట. 4కె, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలుండే బొమ్మ, కావాలంటే బంగారు పూత ఉన్న ఖరీదైన కేబుల్ తప్పనిసరట. గేమ్ ఆడితే ప్యానెల్ కాలిపోతుందట. ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులో కన్సోల్ పెట్టకూడదట. స్క్రీన్ నల్లగా ఉంటే టీవీ బోర్డు మార్చాల్సిందేనట. పాత ప్లేస్టేషన్ 2 కొత్త టీవీలకి పనికిరాదు కాబట్టి పారేయాలట.

ఇది చదివి ఊరుకోలేకపోయాను. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు గల్ఫ్‌లో పని చేసుకునేవాళ్లు లేని ఊరు తక్కువ. పండక్కి వస్తూ పిల్లాడు అడిగాడని కువైట్ నుంచో దుబాయ్ నుంచో ఒక కన్సోల్ తెస్తారు. దాన్ని టీవీకి పెట్టేసరికి ఏదో ఒకటి కుదరదు, అప్పుడు ఈ మెసేజ్ చేతికొస్తుంది, అంతే, కేబుల్‌కి కొంత, బోర్డుకి కొంత అని కష్టపడి సంపాదించిన డబ్బు మళ్లీ ఖర్చు. నిజానికి వీటిలో చాలావాటికి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.

ముందు ఆ రంగు పిన్నుల సంగతి. పసుపు పిన్ను బొమ్మకి, తెలుపు ఎడమ స్పీకర్ శబ్దానికి, ఎరుపు కుడి స్పీకర్ శబ్దానికి. అంటే బొమ్మ మొత్తం ఆ ఒక్క పసుపు వైరులోనే రావాలి, వెలుగూ రంగూ రెండూ కలిపేసి మరీ పంపుతారు. మన దేశంలో పాత టీవీలకి వాడిన పాల్ (PAL) అనే పద్ధతిలో అది మోసేది 576 గీతలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు. లెక్క వేసి చూడండి, పసుపు వైరులో వచ్చే బొమ్మలో ఉన్న వివరం దాదాపు అయిదో వంతు. మిగతాదంతా టీవీ సాగదీసి చూపిస్తుంది, అందుకే అక్షరాలు చెదిరినట్టూ, ఎర్ర రంగు అంచులు దాటి పారినట్టూ ఉంటాయి. టీవీ ఎంత గొప్పదైనా తనకి రాని వివరాన్ని పుట్టించలేదు.

ఈ అపోహకి ఒక కారణం ఉంది, అది కూడా చెప్పాలి. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3కి వెనక హెచ్‌డీఎంఐ పోర్టు (బొమ్మా శబ్దమూ ఒకే వైరులో హెచ్‌డీలో పంపే రంధ్రం) ఉండేది కానీ పెట్టెలో కంపెనీ ఇచ్చింది మాత్రం ఈ రంగు పిన్నుల వైరే. చాలామంది పెట్టెలో వచ్చింది కదా అని అదే పెట్టి, ఇదే హెచ్‌డీ అనుకుని ఏళ్ల తరబడి ఆడేశారు. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టెలోనే వస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో ప్లేస్టేషన్ 3 కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఒక మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి పెట్టి చూడండి, కొత్త మిషన్ కొన్నట్టే ఉంటుంది.

రంగు పిన్నుల్లో ఇంకో రకం ఉంది, ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడూ బొమ్మకే, శబ్దానికి వేరే రెండు. దాన్ని కాంపోనెంట్ అంటారు. అందులో హెచ్‌డీ నిజంగానే వస్తుంది, 2005లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీఎంఐ లేదు, దానికి హెచ్‌డీ ఇచ్చిందే ఈ వైరు. మెసేజ్ రాసినాయన ఈ రెంటినీ కలిపేసి ఉండొచ్చు. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు చెప్తాను: కొన్ని టీవీల్లో ఆకుపచ్చకీ పసుపుకీ ఒకటే రంధ్రం ఉంటుంది, పసుపు పిన్ను అక్కడ పెట్టి సోర్సులో కాంపోనెంట్ ఎంచుకుంటే బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తుంది. టీవీ పోయిందని కంగారు పడకండి, సోర్సులో ఏవీ (AV) అని మార్చండి, రంగు వచ్చేస్తుంది.

ఇక బంగారు పూత. హెచ్‌డీఎంఐలో వెళ్లేది అంకెలు. ఆ అంకెలు సరిగ్గా అందితే బొమ్మ పూర్తిగా వస్తుంది, అందకపోతే తెల్లటి చుక్కలు మెరుస్తాయి, మధ్యమధ్యలో స్క్రీన్ ఆరిపోతుంది, లేదా అసలు రాదు. ఖరీదైన కేబుల్ పెడితే రంగులు చిక్కబడటం, బొమ్మ తేటపడటం అనేవి జరిగే పనులు కావు. బంగారం తుప్పు పట్టదు కాబట్టి పిన్నుకి పూత వేస్తారు, సముద్రపు గాలి తగిలే కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల దానికి కొంత విలువ ఉందేమో గానీ బొమ్మకి ఏమీ ఒరగదు.

కేబుల్‌లో చూడాల్సింది ధర కాదు, దాని మీద రాసి ఉన్న రకం. 1080పి, అంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మని సెకనుకి 60 సార్లు (60 ఫ్రేములు) పంపడానికి సెకనుకి దాదాపు 4.5 గిగాబిట్ల వేగం చాలు, హై స్పీడ్ అని రాసి ఉన్న ఏ కేబులైనా దాని రెట్టింపు మోస్తుంది. 4కె, 60 ఫ్రేములకి ప్రీమియం హై స్పీడ్, అంటే 18 గిగాబిట్లు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఇచ్చే 4కె, 120 ఫ్రేములకి అల్ట్రా హై స్పీడ్, అంటే 48 గిగాబిట్లు. ఆ రెండు కన్సోళ్లకీ సరిపోయే కేబుల్ పెట్టెలోనే ఇచ్చారు! అది ఉండగా ఇంకోటి కొనమని చెప్పడం నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. కేబుల్ పాడైతే కొనండి, రెండు మీటర్లు చాలు, పొడుగు పెరిగేకొద్దీ ఇబ్బందులు పెరుగుతాయి.

పైగా ఇంట్లో ఉన్నది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ అయితే దాని ప్యానెల్‌లో ఉండేది సాధారణంగా 1366 అడ్డం, 768 నిలువు చుక్కలే. దానికి 4కె కేబుల్ ఎందుకు? ఆ డబ్బు మిగుల్చుకుని టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. టీవీలు బొమ్మని అందంగా చూపించడానికి లోపల రకరకాల పనులు చేస్తాయి, సినిమాకి ఫర్వాలేదు, గేమ్‌లో మాత్రం మీరు బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి ఆలస్యం అవుతుంది. కొన్ని టీవీల్లో ఆ ఆలస్యం సెకనులో పదో వంతు దాటుతుంది, క్రికెట్ గేమ్‌లో బ్యాట్ ఊపేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. గేమ్ మోడ్ ఆ పనుల్లో చాలావాటిని ఆపేస్తుంది. ఏ బంగారు కేబులూ ఇవ్వని తేడా ఇది, అదీ ఉచితంగా.

ప్యానెల్ కాలిపోవడం గురించి. సగం నిజం ఉన్నది ఈ ఒక్కదాంట్లోనే. పాత ప్లాస్మా టీవీల్లో స్కోరు పట్టీ లాంటి కదలని బొమ్మ గంటలు గంటలు ఉంటే దాని నీడ స్క్రీన్ మీద ఉండిపోయేది. 2014 నాటికే పెద్ద కంపెనీలు ప్లాస్మా తయారీకి స్వస్తి చెప్పేశాయి. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్నవి దాదాపు అన్నీ ఎల్‌ఈడీ పేరుతో అమ్మే ఎల్‌సీడీలు, వాటికి ఆ భయం లేనట్టే. ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఖరీదైన రకం) టీవీ ఉన్నవాళ్లు మాత్రం గేమ్‌ని పాజ్‌లో పెట్టి భోజనానికి వెళ్లిపోకండి, రోజూ అదే గేమ్ గంటల తరబడి ఆడేటప్పుడు వెలుతురు కాస్త తగ్గించండి. కన్సోల్ నుంచి వచ్చే కరెంటు ప్యానెల్‌ని కాలుస్తుందన్న మాటకి మాత్రం అర్థం లేదు. హెచ్‌డీఎంఐలో కరెంటు మోసే పిన్ను ఒక్కటే, 5 వోల్టులు, ఫోన్ చార్జర్ ఇచ్చే వోల్టేజీ అది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది, మెసేజ్‌లో దాని ఊసే లేదు. మన ఇళ్లలో చాలావాటికి ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, రెండు పిన్నుల ప్లగ్గులే ఎక్కువ. అలాంటప్పుడు టీవీ వెనక ఇనుప భాగం ముట్టుకుంటే చిన్నగా చిమచిమలాడుతుంది. ఇంకో వైపు కేబుల్ టీవీ వైరు స్తంభాల మీదుగా ఎక్కడి నుంచో వచ్చి సెట్‌టాప్ బాక్సుకి తగులుతోంది. రెంటికీ మధ్య వోల్టేజీ తేడా ఉన్నప్పుడు అన్నీ ఆన్‌లో ఉంచి హెచ్‌డీఎంఐ పిన్ను గుచ్చితే చిన్న నిప్పురవ్వ వచ్చి పోర్టు చిప్ పోవచ్చు. అందుకే టీవీ, కన్సోల్, సెట్‌టాప్ బాక్సు మూడింటినీ గోడ దగ్గర స్విచ్ కట్టేసి, అప్పుడు పిన్ను పెట్టండి. ఉరుములు మొదలవ్వక ముందే ప్లగ్గు, కేబుల్ టీవీ వైరు రెండూ పీకేయండి. తిత్లీ, హుద్‌హుద్ చూసిన జిల్లాలకి ఇది వేరే చెప్పక్కర్లేదు, కానీ ప్లగ్గు పీకి కేబుల్ వైరు వదిలేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఏఆర్‌సీ పోర్టు గురించి ఒక్క మాట చాలు. అది మామూలు హెచ్‌డీఎంఐ పోర్టే, టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి వెనక్కి పంపే సదుపాయం అదనంగా ఉంది. కన్సోల్ పెట్టుకోవచ్చు. సౌండ్‌బార్ ఉంటే దానికి ఖాళీగా ఉంచండి, అంతే. కొన్ని టీవీల్లో 4కె, 120 ఫ్రేములు తీసుకునేవి ఒకటి రెండు పోర్టులే, ఏవో టీవీ పుస్తకంలో ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టేది, నల్ల స్క్రీన్. మా చుట్టాల్లో ఒకాయన విజయనగరంలో ఒక రిపేరు షాపుకి టీవీ పట్టుకెళ్తే, కన్సోల్ పెట్టి కూడా చూడకుండానే "బోర్డు పోనాదండి, మార్చాల" అని చెప్పారు. ఆయన భయపడి నాకు ఫోన్ చేస్తే ముందు టీవీ ఇంటికి తెచ్చేయండి బాబాయ్ అన్నాను. సెట్‌టాప్ బాక్సు అదే పోర్టులో పెడితే బొమ్మ నిక్షేపంగా వచ్చింది. అంటే పోర్టు బాగానే ఉంది, తేడా కన్సోల్ పంపుతున్న బొమ్మ రకంలో ఉంది. ఆ కన్సోల్ అంతకుముందు 4కె టీవీకి ఆడింది, ఇక్కడికొచ్చి పాత టీవీకి కూడా అలాగే పంపుతోంది, ఈ టీవీ దాన్ని తీసుకోలేకపోతోంది.

కాబట్టి నల్లగా వస్తే ఈ వరసలో చూడండి. రిమోట్‌లో సోర్స్ నొక్కి, పిన్ను పెట్టిన పోర్టు నంబరే ఎంచుకున్నారా? పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లిందా? వేరే పోర్టు, వేరే కేబుల్ పెట్టి చూశారా? ఇవన్నీ అయ్యాక కన్సోల్ సంగతి. ప్లేస్టేషన్ 3 అయితే ఆఫ్‌లో ఉండగా పవర్ బటన్ నొక్కి అలాగే పట్టుకోండి, మొదట ఒక బీప్, దాదాపు 5 సెకన్లకి ఇంకో బీప్ వస్తుంది, అప్పుడు వదిలేయండి. బొమ్మ సెట్టింగు మొదటికి వస్తుంది. ప్లేస్టేషన్ 4, 5 అయితే పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్ పట్టుకుని, సుమారు 7 సెకన్లకి వచ్చే రెండో బీప్ దగ్గర వదలండి. సేఫ్ మోడ్ అనే రిపేరు మెనూ తెరుచుకుంటుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ వైరుతో కలపాలి, ఇది చాలామంది మర్చిపోతారు, బ్లూటూత్‌లో అక్కడ పనిచేయదు. అందులో రెండో ఆప్షన్ రిజల్యూషన్ (బొమ్మలో చుక్కల లెక్క) మార్చేది, అది నొక్కితే టీవీ తీసుకోగలిగే బొమ్మ వస్తుంది. బాబాయ్ వాళ్ల అబ్బాయి ఫోన్‌లో నేను చెప్తుంటే తనే చేసుకున్నాడు. ఇవేవీ పనిచేయకపోయినా, ఇంకే బాక్సు పెట్టినా ఆ పోర్టులో బొమ్మ రాకపోతేనే మెకానిక్. అప్పుడు కూడా మిగతా పోర్టులు బాగుంటే బోర్డు మార్చాల్సిన అవసరం ఏముంది?

బొమ్మ వచ్చి అంచులు తెగిపోయి స్కోరు కనబడకపోతే అది కూడా పాడవడం కాదు. టీవీ బొమ్మని కొంచెం పెద్దది చేసి చూపిస్తోంది. పిక్చర్ సైజులో శాంసంగ్ అయితే స్క్రీన్ ఫిట్, ఎల్‌జీ అయితే జస్ట్ స్కాన్ అని ఉంటుంది, అది పెట్టండి.

చివరగా ప్లేస్టేషన్ 2ని పారేయమన్న సలహా. దయచేసి పారేయకండి. 2000లో వచ్చిన ఆ మిషన్‌ని ఇప్పటికీ దాచుకున్న ఇళ్లు మన దగ్గర ఎన్నో. టీవీకి మూడు రంధ్రాలు లేకపోయినా, ఇయర్‌ఫోన్ పిన్ను పట్టేంత చిన్న రంధ్రం పక్కన ఏవీ అని రాసి ఉందేమో చూడండి, టీవీతో వచ్చిన చిన్న వైరు దానికే. ఆ వైరు పోతే బయట కొన్నవాటిలో లోపలి వరస వేరుగా ఉండొచ్చు, పసుపు పిన్ను ఎరుపులోనో తెలుపులోనో మార్చి పెట్టి చూడండి. అదీ లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె దొరుకుతుంది. కొనేటప్పుడు పేరు జాగ్రత్తగా చదవండి, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, అది తెస్తే పనిచేయదు. దానికి యూఎస్‌బీ కరెంటు కూడా ఇవ్వాలి, టీవీకి ఉన్న యూఎస్‌బీ చాలు. బొమ్మ హెచ్‌డీ అవ్వదు, ముందు చెప్పిన 576 గీతలే, కానీ ఆట మాత్రం హాయిగా ఆడుకోవచ్చు. అమెరికా నుంచి వచ్చిన మిషన్ అయితే ప్లగ్గు పెట్టే ముందు అడుగున అంటించిన లేబుల్ చదవండి: 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి నేరుగా పెట్టకూడదు, వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 100 నుంచి 240 వరకు అని ఉంటే ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ ఒక్కటి చాలు.