చేటలో పడిన ఎనిమిదో ఎముక

మనిషి ఒంట్లో 206 ఎముకలుంటాయని ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో తెలుసుకోవడం పెద్ద విశేషమేమీ కాదు. వాటిలో కొన్నింటిని సంచిలో పెట్టుకుని సంక్రాంతికి ఇంటికి రావడమే విశేషం. ఒక సీనియర్ దగ్గర కొన్న నా బోన్ సెట్‌లో మణికట్టు ఎముకలు ఎనిమిదీ దారానికి గుచ్చి ఉండేవి. ఇంట్లో మాత్రం అన్నీ ప్లాస్టిక్‌వేనని చెప్పాను. మా నాయనమ్మ మడి సంగతి ఎరిగినవారెవరూ ఈ అబద్ధానికి నన్ను తప్పుపట్టరు.

భోగికి ముందురోజు వసారాలో కూర్చుని స్కాఫాయిడ్, ల్యూనేట్ అంటూ వల్లె వేస్తుండగా దారం పుటుక్కున తెగింది. ఏడు దొరికాయి. దొరకనిది పిసిఫామ్. లాటిన్‌లో ఆ మాటకు బటాణీ ఆకారంలో ఉన్నదని అర్థం. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎంత నిజాయతీపరుడో నాకు అప్పుడే తెలిసింది. ఎందుకంటే రెండడుగుల దూరంలో నాయనమ్మ గుగ్గిళ్ల కోసం చేటలో తెల్ల బటాణీలు పోసుకుని రాళ్లేరుతోంది.

"నువ్వు లే నాయనమ్మా, నేను ఏరతాను" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక తిన్న కంచమైనా తీయనివాడిని ఇలా అనేసరికి ఆవిడకు అనుమానం వచ్చింది. చేట తనవైపు లాక్కుని, వేళ్లతో కలియబెట్టి, ఒకదాన్ని పైకి తీసి, కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది బటాణీ కాదురా, రాయీ కాదు. ఒక్కవైపే నున్నగా ఉంది, తక్కినదంతా గరుకు" అంది. పక్కనున్న ట్రైక్వెట్రల్‌తో కీలు కలిసే ఆ ఒక్క నున్నటి భాగాన్ని గుర్తుపట్టడానికి నాకు మూడు వారాలు, నిండు తరగతిలో చీవాట్లు అవసరమయ్యాయి.

"ప్లాస్టిక్‌దే" అన్నాను. ఆవిడ దాన్ని గోటితో గీకి, నా మొహంలోకి చూసింది. ఆ తరువాత బటాణీలు చేటతో సహా గడప దాటాయి. వసారాకు పసుపునీళ్లు, ఆ చలిలో ఇంటిల్లిపాదికీ తలస్నానాలు, నా సంచికి పశువుల కొట్టం ప్రాప్తించాయి.

సాయంత్రం తడి జుట్టు ఆరబెట్టుకుంటూ నాయనమ్మ మెత్తబడింది. "ఎవరిదో పాపం. ఆడమనిషిదా, మగవాడిదా?"

"ఈ ఒక్కదాన్నిబట్టి చెప్పలేం. కటి ఎముక కావాలి."

"పోనీ, వయసెంతో చెప్పు."

ఇది నాకు తెలుసు. మణికట్టులో అన్నిటికంటే ఆలస్యంగా, 9 నుంచి 12 ఏళ్ల మధ్య గాని పిసిఫామ్ ఎముకగా మారడం మొదలుపెట్టదు. అంతవరకూ అది మృదులాస్థే. "చిన్నపిల్లలది మాత్రం కాదు" అన్నాను గర్వంగా.

నాయనమ్మ కాసేపు ఆలోచించి, "ఈ మాత్రానికి అయిదున్నరేళ్లా?" అని, నన్ను కాదు, ఫీజు కట్టిన నాన్నను అడిగింది.