బొరుసు లేని బిళ్ల గారికి

మహారాజశ్రీ రెండు బొమ్మల బిళ్ల గారికి,

నమస్కారం. 1939లో హోవర్డ్ హాక్స్ తీసిన 'ఓన్లీ ఏంజెల్స్ హ్యావ్ వింగ్స్' సినిమా చివర్లో, రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెంగా తమరు చేసిన ఘనకార్యం గురించి ఈ ఉత్తరం. ఎనభై ఏళ్లు దాటాక ఇప్పుడెందుకంటారా? మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఆయన తమరిని సాక్ష్యానికి పిలిచారు, అందుకు.

అమ్మ దగ్గరికి పది రోజులు వెళ్లొస్తానన్నాను. నిజం చెప్పాలంటే వెళ్లాలని అంతగా లేదు, "ఇప్పుడెందుకులే, పండక్కి వెళ్దాం" అంటారేమోనని చూశాను. ఆయన పావుగంట ఫోన్ నొక్కి, "లోయర్ బెర్త్ దొరికింది" అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురం, లోయర్ బెర్త్. తర్వాత ఇద్దరం కూర్చుని రెండు గంటలు ఈ సినిమా చూశాం. అయిపోగానే ఆయన సోఫాలో వెనక్కి వాలి, "చూశావా, నోటితో చెప్పకుండానే ఎలా చెప్పాడో" అన్నారు.

ఈ పాపం తమరిదే.

సినిమా మీద చిన్నా చితకా పేచీలున్నాయి గానీ వదిలేస్తున్నాను. దక్షిణ అమెరికాలో బరాంకా రేవు అంటారు, అంతా కాలిఫోర్నియాలో వేసిన సెట్టు. రీటా హేవర్త్ అడుగు పెట్టినప్పుడల్లా కథ ఆగి ఆవిడ జుట్టు చూస్తుంది. సరే, మేమూ చూశాం. క్యారీ గ్రాంట్ "జూడీ జూడీ జూడీ" అన్నాడని లోకమంతా మిమిక్రీ చేసింది, ఇందులో జూడీ అయితే ఉంది గానీ ఆ డైలాగ్ లేదు, పాపం.

నా బాధల్లా క్యారీ గ్రాంట్ వేసిన ఆ జెఫ్ కార్టర్ నోటితో. ఆండీస్ కొండల మీదుగా టపా మోసే విమానాలూ పైలట్లూ అన్నీ ఆయన కిందే, కానీ సినిమా మొత్తంలో జేబులో ఒక్క అగ్గిపుల్ల ఉండదు. సిగరెట్ నోట్లో పెట్టుకోవడం, దొరికినవాణ్ణల్లా అగ్గిపెట్టె అడగడం. అగ్గిపుల్ల అడగడానికి లేని నామోషీ 'ఉండిపో' అనడానికి మాత్రం వచ్చేస్తుంది. ఎప్పుడో ఒకావిడ విమానాలు మానెయ్యమందట, అప్పట్నుంచీ ఆడదాన్ని ఏదీ అడగకూడదని ఒట్టు.

కథానాయిక బోనీ ఏమో అరటిపళ్ల ఓడ దిగి కాసేపు ఆగిన మనిషి. ఆమెతో భోజనం చెయ్యాలన్న తొందరలో జో అనే కుర్రాడు పొగమంచులో విమానం దించబోయి చచ్చిపోతాడు. వాడి కోసం తెచ్చిన స్టేక్‌ని జెఫ్ ముందేసుకుని తింటూ "జో ఎవరు?" అంటాడు. ఇంత చూశాక కూడా ఆమె ఓడ వదిలేసుకుని అక్కడే ఉంటుంది (ఇలాంటి పిన్ని ప్రతి ఇంట్లో ఒకరుంటారు). చివరికి ఆ వాతావరణంలో ఎగరొద్దని తుపాకీ కూడా పట్టుకుంటుంది. పోనీలే అని బల్ల మీద పడేస్తే అది పేలి ఆయన భుజానికి తగులుతుంది. తుపాకీ పేలింది గానీ ఈయన నోరు పెగల్లేదు.

అప్పుడు ఆమె సిగ్గు విడిచి, ఉండాలా వెళ్లాలా అని మొహం మీదే అడిగితే తమరు జేబులోంచి బయటికొచ్చారు. బొమ్మ పడితే ఉండు, బొరుసైతే వెళ్లు. బొమ్మ పడింది. తమరిని ఆమె చేతిలో పెట్టి ఆయన విమానం వైపు పరిగెత్తాడు. ఇలాగైతే ఉండనని ఆమె మండిపడి, తర్వాత ఎందుకో తిప్పి చూస్తుంది. అటూ బొమ్మే. మొహం వెలిగిపోతుంది.

ఆమె మొహం వెలిగిన చోటే నాకు ఒళ్లు మండింది. తిప్పి చూడకపోతే? చిల్లరే కదా అని పర్సులో వేసుకుని ఓడెక్కేస్తే? దారిలో ఏ కూలివాడి చేతిలోనో పెట్టేస్తే? ఒక మనిషి బతుకంతా నీ వెనకవైపు చూడ్డం మీద ఆధారపడాలా? నువ్వేమన్నా తాళిబొట్టువా? (మీరు అనడం ఇక నా వల్ల కాదు.) 'షోలే'లో నీ తమ్ముడొకడున్నాడు, వాడికీ రెండు వైపులా బొమ్మే, కానీ వాడు స్నేహితుణ్ణి బతికించడానికి అబద్ధమాడాడు. నువ్వు ఒక మగాడికి రెండక్షరాలు మిగల్చడానికి ఆడావు. ఉం, డు. లెక్కపెట్టుకో. పైసా ఖర్చు లేదు.

నువ్వు జెఫ్ ప్రాణస్నేహితుడు, పైలట్ కిడ్ సొత్తువని నాకు గుర్తుంది. పక్షులు విమానం అద్దం పగలగొట్టుకొచ్చి మెడ విరిగి అతను పోయాక మిగిలిన గుప్పెడు వస్తువుల్లో నువ్వొకడివి. జెఫ్ దొంగచాటుగా ఏడవడం బోనీ చూస్తుంది. తన దగ్గరున్న వాటిలో అపురూపమైనదే ఆమెకిచ్చాడు, కాదనను. హాక్స్ తనూ పైలటే. తమ్ముడు కెన్నెత్ 1930 జనవరి 2న శాంటా మోనికా దగ్గర సముద్రం మీద షూటింగ్ చేస్తుంటే రెండు విమానాలు గాల్లో ఢీకొన్నాయి, అతనితో సహా పదిమంది పోయారు. "జో ఎవరు?" అనిపించినవాడికి జో ఎవరో బాగా తెలుసు. అది చదివినప్పట్నుంచీ ఆ స్టేక్ సీను వస్తే నేను లేచి వెళ్లలేను, సరిగ్గా చూడనూ లేను.

అయితే మాత్రం? మా ఆయనేమన్నా ఆండీస్ కొండల మీద టపా మోస్తున్నారా? ఏసీ గదిలో లెక్కలు చూస్తారు, నాలుగింటికి టీ తాగుతారు.

ఇది రాస్తూ కోచ్ నంబర్ కోసం టికెట్ మెసేజ్ తెరిచాను. కింద ఇంకోటి ఉంది. రిటర్న్ టికెట్. నేను పది రోజులన్నాను కదా, ఆయన నాలుగో రోజు రాత్రి బండికే బుక్ చేసేశారు. అడగలేదు, చెప్పలేదు. నేను కిందకి జరిపి చూసుకోకపోతే?

తిన్నగా వంటింట్లోకి వెళ్లి, "నోటితో అడిగితేనే నాలుగో రోజు వస్తాను, లేకపోతే క్యాన్సిల్ చేస్తాను" అన్నాను. ఆయన టీ వడగడుతూ, ఇటు తిరక్కుండానే, "ఏమని అడగాలి?" అన్నారు.

ఇట్లు,
ఉండమంటే ఉండిపోయే మనిషి