బ్యాండుకేనా నిబంధనలు?

ముహూర్తాలు మొదలయ్యాయి, ఊళ్లలో మళ్లీ అదే అన్యాయం. ఎదుర్కోళ్లకు బ్యాండు మేళం కావాలి. ఆ పది నిమిషాలు గడవగానే వాళ్లను పక్కకు నెట్టి డీజే బండి ముందుకొస్తుంది. రాత్రి పోలీసులు వస్తే ఆగేది బ్యాండే. బండి జోలికి వెళ్లరు, దాని వెనుక పలుకుబడి ఉంటుంది కనుక. ఈ ద్వంద్వనీతి ఇంకెన్నాళ్లు?

చట్టంలో లోటేమీ లేదు. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లోనే వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. 2010 సవరణతో వాద్యాలూ ఆ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి పదింటికి బ్యాండు ఆగాల్సిందే. మరి నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్ అయినప్పుడు, పట్టపగలే గోడలు అదిరేలా మోగే డీజే పెట్టెలను వదిలేయడం ఏ న్యాయం? మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. పల్లె జనానికి చెవులు లేవా?

కుర్రకారు డీజేనే అడుగుతున్నారని, పది మందికి కూలి, భోజనం కన్నా ఒక్క బండి నయమని ఉత్సవ కమిటీల వాదన. ఖర్చు వాళ్లిష్టం. పిలిచిన వాద్యగాళ్లను అవమానించే హక్కు మాత్రం వాళ్లకు లేదు.

కంటోన్మెంట్ల సైనిక బ్యాండ్ల నుంచి వచ్చిన ఈ వాద్యాలను మన ఊళ్లు సొంతం చేసుకున్నాయి. రామనవమి, పీర్ల పండుగ, క్రిస్మస్ ఊరేగింపు, చివరికి శవయాత్ర... అన్నింటికీ అదే మేళం. ట్రంపెట్ పల్లవి అందుకుంటే క్లారినెట్ సంగతులు వేస్తుంది, సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము నడక పడతాయి. ఒకరిది ఒకరికి వినబడితేనే శ్రుతి నిలుస్తుంది. డీజే పెట్టెల పక్కన నిలబెడితే తమ స్వరం తమకే వినబడదు, బలవంతంగా ఊదుతారు, పెదవి వాస్తుంది, పైస్థాయి స్వరం పగులుతుంది. అప్పుడు 'వీళ్లకు వాయించడం రాదు' అని తీర్పు చెప్పేదీ ఆ కమిటీ పెద్దలే!

పిలుపులు తగ్గితే ముందు పోయేది సాధన. కొన్ని వారాలు ఊదకపోతే పెదవి పట్టు సడలుతుంది. ట్రంపెట్ గొట్టంలో తడి ఆరక చిలుము పడుతుంది, స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే వాల్వులు బిగుసుకుపోతాయి. మూడు వాల్వులూ తీసి, గోరువెచ్చని నీటితో కడిగి, నూనె చుక్కలు వేసి, దేని గదిలో దాన్నే పెట్టాలి. ఒకటి, రెండు తారుమారైతే గాలే సరిగా పోదు. ఇదంతా పక్కన కూర్చోబెట్టి నేర్పే పెద్దవాళ్లు కూలికి పోతుంటే కొత్త పిల్లలకు చెప్పేదెవరు?

ఉగాది వేదికపై కళాకారులకు శాలువా కప్పే నాయకులే తమ ర్యాలీలకు డీజే పెట్టిస్తున్నారు. వాళ్లను చూసి కమిటీలు, కమిటీలను చూసి పెళ్లివారు. పక్కూరిలో ఆపలేదు కదా అన్న మాటే అందరికీ అనుమతి పత్రమైంది. ముందు ఆ ర్యాలీ బండిని ఆపండి. ఆ ధైర్యం లేని అధికారులు బ్యాండు వాళ్ల మీద లాఠీ ఝళిపించడానికి సిగ్గుపడాలి. కమిటీలు కూడా వాళ్లకు పడిన బాకీ ఈ ముహూర్తాలు ముగిసేలోగా చెల్లించాలి.